ఐదో పోర్టు

మీరు చదవబోయేది ఒక మహాసంగ్రామం. ఇందులో మూడు శుక్రవారాల ముట్టడి ఉంది. కంటికి కనిపించని శత్రువు ఉన్నాడు. ఒక అమ్మాయి ఉద్యోగం ఉంది, ఒక తండ్రి పరువు ఉంది, చివర్లో ఒక ఆయుధం కూడా చేతులు మారుతుంది.

ఇంతవరకు చదివి కూర్చునే తీరు మార్చుకున్నవాళ్లు మళ్లీ మామూలుగా కూర్చోవచ్చు. సంగ్రామం ఏమీ లేదు. అరచేతిలో పట్టే ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది. దానికి తీగలు గుచ్చే ఐదు పోర్టులు, ఐదు పచ్చలైట్లు. ఆయుధం విషయం మాత్రం నిజమే గానీ, అది చెక్కముక్క.

నేను ఇంటర్నెట్ లైన్ పనిలోంచి ఇరవై తొమ్మిదో ఏట రిటైరయ్యాను. రిటైరయ్యాను అంటే మా అమ్మ నవ్వుతుంది, ‘మానేసిన’ అనమంటుంది. ఆరేళ్లు నిచ్చెన ఎక్కినవాడికి ఆ మాట వాడుకునే హక్కు ఉందని నా వాదన. నిచ్చెన మీద నుంచి పడి మానేశానని కొందరు చెప్పుకున్నారు. పడలేదు, దిగాను. ఇప్పుడు ఒక మొబైల్ దుకాణంలో కూర్చుని ఫోన్లకు గాజు అంటిస్తున్నాను. ఈ మధ్య లైన్ పనిలో కొత్తగా చేరిన కుర్రాళ్లు గాజు వేయించుకోవడానికి వచ్చి, “అన్నా, నీ సర్వీసుల పెద్ద కేసు ఏది?” అని అడుగుతున్నారు. వాళ్లకోసం రాస్తున్నాను. గాజు ఆరేలోగా చెప్పగలిగే కథ కాదు ఇది. అసలు ఆ గాజు ఆరేది కూడా కాదు, వాళ్లు కాసేపు కూర్చుంటారని అలా చెబుతుంటాను.

మా ఆఫీసు చిలకలగూడలో ఒక షట్టర్ గది. లోపల ఒక టేబులు, ఒక కంప్లైంట్ పుస్తకం, తీగల చుట్టల మధ్య మా సీనియర్ అన్న. ఆయనకు ఈ వృత్తిలో రెండే సూత్రాలు. ఒకటి, ఏది చెడిపోయినా ముందు ఆపి మళ్లీ వెయ్యి. రెండు, ఎవరి ఇంటికి పోయినా అరగంట ముందు ఫోన్ చెయ్యి.

“ఇండ్లల్ల ఆడోళ్లు ఉంటరు, ముసలోళ్లు ఉంటరు. చెప్పకుండ పొయ్యి నిచ్చెన పట్టుకోని నిలబడితే మంచిగుంటదా?” అనేవాడు. మంచి మాటే. ఈ కథలో మా కొంప ముంచింది కూడా ఆ మంచి మాటే.

లాలాగూడలో ఆ ఇల్లు పాతది. గోడలు మూరెడు మందం. ముందుగదిలో ఉన్న మా వైఫై డబ్బా ఆ గోడల ముందు చేతులెత్తేసింది. ఇంటి పెద్దాయన రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. నాలాగా కాదు, నిజంగానే రిటైరయ్యాడు. ఆయన్ను నేను చాచా అనేవాణ్ని. ఆయన కూతురికి కొత్తగా ఇంటి నుంచి చేసే ఉద్యోగం దొరికింది. ఆన్‌లైన్‌లో సామాను కొన్నవాళ్ల ఫిర్యాదులు వినే పని. కంపెనీవాళ్లు ఒక ల్యాప్‌టాప్, ఒక టేబుల్ ఫోను పంపించి, రెండింటికీ తీగ కనెక్షనే ఉండాలని, వైఫై పనికిరాదని షరతు పెట్టారు.

ముందుగది నుంచి లోపలికి వచ్చేది ఒక్క తీగ. కావలసినవి రెండు. ఇలాంటి చోటే స్విచ్ పెడతాం. పేరు స్విచ్ గానీ దాన్ని నొక్కేదేమీ ఉండదు. ఒక పోర్టులోకి వచ్చిన నెట్‌ను మిగతా పోర్టులకు పంచడమే దాని పని. తీగ కాబట్టి వేగం తగ్గదు, గోడల గొడవ లేదు. తెలివి లేని వస్తువు. చెప్పింది చేస్తుంది, ఎందుకని అడగదు. మా వృత్తిలో నాకు బాగా నచ్చిన సహోద్యోగి అదే.

ఒక శనివారం పొద్దున ఆ ఇంటి నడిగదిలో, చాచా కూర్చునే కుర్చీ పక్క అరలో, స్విచ్ బిగించాను. ఒక పోర్టులో లోపలికొచ్చే తీగ. రెండు పోర్టుల్లోంచి గోడ కంతగుండా కూతురి గదిలోకి రెండు తీగలు, ల్యాప్‌టాప్‌కు ఒకటి, ఫోనుకు ఒకటి. నాలుగో పోర్టులో నా ఉదారత కొద్దీ రెండు గజాల తీగ ఇంకొకటి గుచ్చి, దాని రెండో కొసను అలాగే వేలాడేసి వదిలేశాను. రేపెప్పుడైనా టీవీ కొంటే పనికొస్తుందని. ఐదోది ఖాళీ.

చాచా నా పనంతా చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు. ముప్పై నాలుగేళ్లు ఇతరుల పనిలో తప్పులు పట్టినవాడి చూపు అది. పరీక్షహాల్లో కూర్చున్నట్టుంది నాకు.

“ఇదేంది బేటా, ఈ తోక గిట్ల ఏలాడుతుంది?”

“టీవీ కొన్నప్పుడు పెట్టుకోండ్రి చాచా. అప్పటిదాకా ఉండనీ.”

“కొస బయట వదిలేస్తే పని సగమే అయినట్టు. మా దగ్గరైతే ఇంటికి పోనియ్యకపోతుండె.”

“ఇది రైలు కాదు చాచా,” అన్నాను. గొప్ప జోకు వేశాననుకున్నాను. ఆయన నవ్వలేదు. అయినా మంచి చాయ్ ఇప్పించాడు.

ఆ వచ్చిన శుక్రవారం పొద్దున కంప్లైంట్ వచ్చింది. ఆ ఇంట్లో నెట్ పూర్తిగా పోయింది. నేను సూత్రం ప్రకారం చాచాకు ఫోన్ చేసి, అరగంటలో వస్తున్నానని చెప్పి వెళ్లాను. చూస్తే అన్నీ బాగున్నాయి. అర మీద దుమ్ము కూడా లేదు. స్విచ్ లైట్లు పద్ధతిగా మిణుకుతున్నాయి. తోక నేను వదిలినట్టే వేలాడుతోంది.

కూతురు గది తలుపు దగ్గర నిలబడి చూసింది. మాటల్లో మొహమాటం లేని మనిషి.

“ఇప్పుడే అచ్చింది భయ్యా. మీరు ఫోన్ చేసిన్రు, కాసేపటికి నెట్ అచ్చింది.”

“కరెంటు తేడా అయ్యుంటది మేడమ్,” అన్నాను. ఏమీ తెలియనప్పుడు మేం కరెంటును అంటాం. అది వచ్చి కాదనదు కదా.

ఆ తర్వాతి శుక్రవారం పొద్దున మళ్లీ పోయింది. మళ్లీ ఫోన్ చేశాను. మళ్లీ నేను గుమ్మం ఎక్కేసరికి అంతా బాగుంది. ఈసారి ఊరుకోలేదు. స్విచ్ మార్చాను. దాని అడాప్టర్ మార్చాను. ముందుగది నుంచి వచ్చే తీగ కొసలు కోసి కొత్తవి వేశాను. తోకను మాత్రం పాత స్విచ్‌లోంచి తీసి కొత్తదాంట్లో ఎంతో జాగ్రత్తగా గుచ్చాను. ఇంట్లో మార్చనిది ఏదైనా ఉందంటే అదొక్కటే.

“మీరు ఉన్నంతసేపు మంచిగుంటది భయ్యా,” అంది కూతురు. “మీరు ఈడనే ఉండిపోండి. నడిగదిల మంచం ఏపిస్త.”

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. అప్పుడు చెప్పింది సంగతి. ఆమెది ఇంకా ట్రయల్ కాలం. ఆ కాలంలో డ్యూటీ టైంలో కనెక్షన్ మూడుసార్లు తెగితే ఉద్యోగం ఉండదు. రెండు అయిపోయాయి. వచ్చే శుక్రవారం ట్రయల్ ఆఖరి రోజు. పదకొండింటికి పై ఆఫీసరు లైన్‌లోకి వచ్చి ఆమె మాట్లాడే ఫోన్లు విని, ఉంచాలా వద్దా తేలుస్తాడు.

“ఇంట్ల అందరు వద్దన్నరు. ఇంట్ల కూసోని చేసేది ఏం నౌకరీ అన్నరు. అబ్బా ఒక్కడే నా దిక్కు మాట్లాడిండు. ఇప్పుడు ఇది పోతే నాకంటె ఎక్కువ ఆయన మాట పోతది.”

చాచా కుర్చీలో కూర్చుని పేపరు చూస్తున్నాడు. చదవడం లేదని తెలుస్తూనే ఉంది, చాలాసేపటి నుంచి పేజీ తిప్పలేదు.

“నేనున్న కద మేడమ్,” అన్నాను. అప్పటికి రెండుసార్లు ఉండి ఏం చేశానో ఆమె అడగలేదు. పెంపకం మంచిది.

ఆఫీసుకు వచ్చి సీనియర్ అన్నకు చెప్పాను. ఫోన్ చేస్తే చాలు, నెట్ దానంతట అదే బాగవుతోందని.

“గట్లైతే ఇంటికెందుకు పోతున్నవ్ర? ఈడనే కూసో. పొద్దుగాల లేచి అందరికి ఫోన్లు కొట్టు. సికింద్రాబాద్ మొత్తం బాగైతది.”

“శుక్రవారమే ఎందుకు పోతుందన్నా?”

“ఏమో. ఆపి మళ్ల ఏసినవా?”

మూడో శుక్రవారం వచ్చింది. నేను బోయిన్‌పల్లిలో, కూరగాయల మార్కెట్ వెనక సందులో ఒక స్తంభానికి నిచ్చెన వేసి ఉన్నాను. పావు తక్కువ పదింటికి సీనియర్ ఫోన్ చేశాడు. లాలాగూడలో మళ్లీ పోయింది. ఈసారి ఆయన జోకు వెయ్యలేదు. ఆ పిల్ల ఫోన్‌లో గొంతు పెంచలేదట, చాలా నెమ్మదిగా మాట్లాడిందట. దాంతో ఆయనకు భయమేసింది.

పదింటికి ఆమె డ్యూటీ. కంపెనీకి ఫోన్ చేసి, ఆడవాళ్ల సమస్య అని ఒక గంట సెలవు తీసుకుందని తర్వాత తెలిసింది. డ్యూటీ మొదలుకాకముందే పోయింది కాబట్టి ఇంకా లెక్కలోకి రాలేదు. పదకొండు దాటితే వస్తుంది.

ఇక్కడ నా తెలివి గురించి ఒక మాట రాసుకోవచ్చు. ఈసారి ఫోన్ చేయకుండా వెళ్లి, జబ్బును జబ్బుగా ఉన్నప్పుడే పట్టుకోవాలని నిశ్చయించుకున్నానని. చాలామందికి అలాగే చెప్పాను కూడా. అసలు సంగతి, నా ఫోన్ రీచార్జ్ గడువు ముందురోజే అయిపోయింది. ఫోన్లు వస్తున్నాయి గానీ నేను చేస్తే పోవడం లేదు. చాచాకు కబురు పెట్టే దారి లేక నేరుగా బండి తీశాను.

పదీ నలభైకి ఆ ఇంటి గుమ్మంలో ఉన్నాను. చాచా నన్ను చూసి కంగారుపడి లేచాడు. చుట్టం చెప్పకుండా వస్తే, ఇంకా పక్కలు తియ్యని ఇంటివాళ్లు లేచినట్టు.

“ఏంది బేటా, ఫోన్ చెయ్యలే? జెర ఆగు, జెర బయట కూసో, ఒక్క నిమిషం.”

ఆగలేదు. నడిగదిలోకి వెళ్లి అర వైపు చూశాను. స్విచ్ మీద ఐదు లైట్లూ పిచ్చిపట్టినట్టు కొట్టుకుంటున్నాయి. ఐదూ. ఆ ఇంట్లో నాలుగో లైటు, ఐదో లైటు వెలగడం నేను ఎప్పుడూ చూడలేదు.

నా తోక వేలాడడం లేదు. అందంగా గుండ్రంగా చుట్టి, ఎర్రదారంతో రెండుచోట్ల కట్టి ఉంది. దాని ఒక కొస నాలుగో పోర్టులో. రెండో కొస ఐదో పోర్టులో.

తీగ రెండు కొసలూ ఒకే స్విచ్‌లో పెడితే ఏమవుతుందంటే, స్విచ్ అందరికీ చెప్పమని పంపిన మాట నాలుగులోంచి వెళ్లి ఐదులోంచి తిరిగొస్తుంది. మన తెలివి లేని డబ్బా అది ఇంకెవరో పంపిన కొత్త మాట అనుకుని మళ్లీ అందరికీ పంపుతుంది. అదీ తిరిగొస్తుంది. చిలకలగూడ చౌరస్తాలో ఆటోలన్నీ ఒక సందులో దూరి ఇంకో సందులోంచి చౌరస్తాకే తిరిగొస్తూ, వచ్చిన ప్రతిసారీ ఇంకో ఆటోను వెంట తెస్తే ఎలా ఉంటుందో అలా. కాసేపటికి ఒక్క మనిషి కూడా కదలడు. ఖరీదైన స్విచ్‌లు కొన్ని ఇది కనిపెట్టి ఆపేస్తాయి. మేం ఇళ్లకు పెట్టేవి ఆపవు.

“మంచిగ కట్టిన కద?” అన్నాడు చాచా, ఇక దాచి లాభం లేదని. “నువ్వు అట్ల వదిలిపెడితే నా మనసు ఒప్పలే బేటా. జుమేరాత్ నాడు అర తుడుస్త. తుడిసినంక కొస ఖాళీ బొక్కల పెట్టి కడుత. ఖాళీ బొక్కల దుమ్ము సుత పడది.”

“మరి నేను వచ్చినప్పుడు తోక ఏలాడుతుండె కద చాచా?”

“నువ్వు వస్తున్న అన్నవంటే తీసి ఎట్లున్నది అట్ల పెడుత. మేస్త్రి వచ్చేసరికి ఆయన చేసిన పని ఆయన చేసినట్టే కనపడాలె. చెయ్యి పెట్టినట్టు తెలిస్తే బాధపడడా? అది మర్యాద.”

ప్రతి గురువారం సాయంత్రం, కూతురు డ్యూటీ దిగాక, ఆయన పెట్టేవాడు. పొద్దున దాకా ఆ తీగలతో ఎవరికీ పని లేదు కాబట్టి తెలిసేది కాదు. శుక్రవారం నేను ఫోన్ చేయగానే, నన్ను గౌరవించడానికి తీసేసేవాడు. నా ఫోన్‌కు ఉన్న మహిమ అదీ. మర్యాదలో ఆయన పట్టింపు, మర్యాదలో మా సీనియర్ పట్టింపు, రెండూ కలిసి ఒక అమ్మాయి ఉద్యోగానికి గొయ్యి తవ్వాయి. గడ్డపార నాది.

ఐదో పోర్టులోంచి కొస లాగాను. లైట్లు ఒక్కసారి ఆగి, మూడు మాత్రం మళ్లీ నెమ్మదిగా మొదలయ్యాయి. లోపలి గదిలోంచి కేక వినబడింది. “అచ్చింది! అబ్బా, అచ్చింది!”

విడమరిచి చెప్పే అవసరం లేకపోయింది. ముప్పై నాలుగేళ్లు ఫిట్టరుగా చేసినవాడు నా చేతిలోని కొసను చూశాడు, లైట్లను చూశాడు, మూసి ఉన్న కూతురి గది తలుపును చూశాడు. కుర్చీలో కూర్చున్నాడు.

“అంటే మూడుసార్లు... నేనేనా?”

“తోక వదిలింది నేను చాచా. తప్పు నాది. మీరు మొదటిరోజే చెప్పిన్రు.”

“వదిలింది నువ్వు. పెట్టింది నేను.”

పదకొండయింది. పరీక్ష మొదలైంది. నేను వెళ్లిపోవచ్చు. బోయిన్‌పల్లిలో స్తంభం దగ్గర నా నిచ్చెన అలాగే ఉంది. కానీ ఇద్దరం ఆ స్విచ్ ముందు కూర్చుండిపోయాం, జ్వరం వచ్చిన పిల్లవాడి పక్కన కూర్చున్నట్టు. చాచా లేచి ఫ్యాను ఆపాడు. గాలికి తీగలు కదులుతాయట. నేను చాయ్ గ్లాసు అర మీద పెట్టబోతే చెయ్యి పట్టుకున్నాడు. చెమటలు కారుతుండగా చాయ్ గ్లాసు చేత్తో పట్టుకుని కూర్చున్నాను.

గోడ కంతలోంచి ఆమె గొంతు వినబడుతోంది. హిందీలో ఒకరితో, తెలుగులో ఒకరితో, ఇంగ్లీషులో ఒకరితో. మాతో మాట్లాడే గొంతు కాదది. ఎంతో తియ్యగా ఉంది.

“ఏమంటుంది?” చాచా గుసగుసగా అడిగాడు. ఆమెది ఇంగ్లీషు నడుస్తోంది.

“ఎవరిదో పార్సిల్ రాలేదంట చాచా. సారీ చెప్తుంది.”

“ఈమె పోగొట్టిందా?”

“లేదు. ఈమెకేం సంబంధం లేదు.”

“మరి ఈమె ఎందుకు చెప్తుంది?”

“అదే నౌకరీ చాచా.”

చాచా గోడ కంతకు చెవి దగ్గరగా పెట్టి ఇంకో రెండు సారీలు విన్నాడు. తర్వాత అన్నాడు, “తనది కాని తప్పుకు గన్ని సార్లు చెప్తుంది. మరి నాదైనదానికి నేను చెప్పాలె కద.”

నా ఆలోచన వేరేగా ఉంది. తప్పంతా నా మీద వేసుకోవాలని, ఆ పిల్ల దృష్టిలో తండ్రి చిన్నబోకూడదని, నా త్యాగం ఎవరికీ తెలియకపోయినా పరవాలేదని అనుకున్నాను. తెలిస్తే ఇంకా బాగుంటుందని కూడా అనుకున్నాను.

పదకొండున్నరకు తలుపు తెరుచుకుంది. ఆమె ముఖం చూస్తే గెలిచిందో ఓడిందో తెలియలేదు.

“ఎట్లయ్యింది బేటీ?”

“మంచిగనే విన్నరు. సోమవారం మెయిల్ చేస్తమన్నరు. ఇంతకు ఏమైంది భయ్యా, దేనికి పోతుండె?”

“తప్పు నాది మేడమ్,” అని మొదలుపెట్టాను. “నేను ఒక తీగను—”

“అబద్ధం చెప్తుండు,” అన్నాడు చాచా. “నేనే పెట్టిన. మూడుసార్లు నేనే. మాఫ్ చెయ్యి బేటీ.”

నా త్యాగం అక్కడికి ముగిసింది. ఆమె మా ఇద్దరి వంక మార్చి మార్చి చూసింది. నేను వచ్చినప్పుడల్లా ఎందుకు బాగుండేదని అడిగింది. చాచా మర్యాద గురించి మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. మధ్యలో మా సీనియర్ సూత్రం నేను చెప్పాల్సి వచ్చింది. ఆమె గోడకు ఆనుకుని నిలబడి అంతా విన్నది. ఏడుస్తుందనుకున్నాను. లేదా అరుస్తుందనుకున్నాను.

“అంటే మీకు ఈయన మీద ఇజ్జత్, ఈయనకు మీ మీద ఇజ్జత్,” అంది. “నా ముచ్చట ఎవరికి యాదికి లేదు.”

చాచా తల దించుకున్నాడు. ఆమె వచ్చి ఆయన కుర్చీ చేతి మీద కూర్చుంది. ఆపేసిన ఫ్యాను వంక చూసింది, చెమటతో తడిసిన నా చొక్కా చూసింది, చేతిలో చల్లారిపోయిన చాయ్ చూసింది. అప్పుడు నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. కళ్లు తుడుచుకోవడం నవ్వుకేనా అని నేను పరిశీలించలేదు. నిచ్చెన గుర్తొచ్చింది, లేచాను.

నిచ్చెన అక్కడే ఉంది. దాని మెట్ల మీద ఎవరో కొత్తిమీర కట్టలు ఆరేసి పోయారు.

ఆఫీసులో కంప్లైంట్ పుస్తకంలో ‘తీగ వదిలేయడం మా తప్పు, తీసేశాం’ అని రాశాను. సీనియర్ అన్న చదివి, “అది సరె. ఫోన్ చెయ్యకుండ ఎందుకు పోయినవ్?” అన్నాడు. ఆయన ఎప్పుడూ ఆ రెండు సూత్రాలే నమ్మాడు. ఇప్పటికీ ఆ షట్టర్ ముందు నుంచి పోతుంటే ఎవరికో అదే చెబుతూ వినిపిస్తాడు. ఆయన తిట్లు వినక చాలా రోజులైంది. మొబైల్ దుకాణంలో అందరూ ‘సార్’ అంటారు. తిట్టేవాళ్లే లేరు.

సోమవారం మెయిల్ వచ్చింది. ఉద్యోగం ఖాయం. చాచా చిలకలగూడ దాకా నడిచి వచ్చి, మా ఆఫీసులో మిఠాయి డబ్బా పెట్టి, ఎవరినీ పేరు పెట్టి అడగకుండా వెళ్లిపోయాడు. కొన్ని నెలలకు కంపెనీవాళ్లు ఇంటి నుంచి పని వద్దని అందర్నీ ఆఫీసుకు రమ్మన్నారు. ఇప్పుడామె పొద్దున్నే బస్సు పట్టుకుని వెళుతుంది. అంత యుద్ధం జరిగిన ఆ రెండు తీగలతో ప్రస్తుతం ఆ ఇంట్లో ఎవరికీ పని లేదు.

నేను మానేసే ముందు, నా ఇళ్లన్నీ కొత్తవాడికి అప్పగిస్తూ లాలాగూడ కూడా వెళ్లాను. ఫోన్ చేసే వెళ్లాను. అర మీద స్విచ్ మెరుస్తోంది. గురువారాలు ఇంకా నడుస్తున్నాయన్నమాట. నాలుగో పోర్టుకు, ఐదో పోర్టుకు చిన్న చిన్న చెక్క బిరడాలు బిగించి ఉన్నాయి. ఆకురాయితో రుద్ది రుద్ది, పోర్టు లోపల ఉన్న మెట్టుతో సహా కుదిరేలా చేశాడు. పోకుండా ఒక్కోదానికి ఎర్రదారం.

“మూడు చేసిన. ఒకటి ఎక్కువైంది,” అని మూడోది నా చేతిలో పెట్టాడు. “చూడు, సరిగ్గున్నదా మేస్త్రీ?”

అప్పటిదాకా నన్ను బేటా అనేవాడు. మేస్త్రి అన్న మాటను ఎవరి గురించైనా చెప్పేటప్పుడు వాడాడే తప్ప, నన్ను పిలవడానికి వాడలేదు. ఆ చెక్కముక్కను అటు తిప్పి ఇటు తిప్పి, ఆయన నా పనిని చూసినంతసేపు చూశాను. సరిగ్గా ఉందన్నాను. అది ఇప్పుడు దుకాణంలో నా సొరుగులో ఉంది. గాజు అంటించడానికి ఎక్కడా పనికిరాదు.

కొత్తగా చేరినవాళ్లు ఒకటి తెలుసుకోండి. స్విచ్‌లో ఖాళీ పోర్టులకు మూతలు అక్కర్లేదు. ఖాళీగా వదిలేసినా నడుస్తుంది.